తలకిందుల సలహాలు: పాత స్పోర్ట్స్ కారు, పెట్రోల్ ఫిల్టర్

బండి బాగా నడుస్తున్న రోజునే పెట్రోల్ ఫిల్టర్ మార్చండి. ఇది నా మొదటి సలహా. వినగానే తప్పనిపిస్తుంది. బాగున్నదాన్ని ఎందుకు విప్పాలి, ఆగిపోయినప్పుడు చూద్దాం అంటారు అందరూ. ఆగిపోయేది ఎక్కడో ఆలోచించండి. పరకాల దాటి చెల్పూర్ వైపు వస్తుంటే, ఎండ నలభై నాలుగు డిగ్రీలున్న మధ్యాహ్నం, చెట్టు నీడ లేనిచోట ఆగుతుంది. పక్కనుంచి బొగ్గు టిప్పర్లు పోతుంటాయి. ఇంజిన్ కాలిపోతుంటుంది. సైలెన్సర్ గొట్టం మీద ఒక్క చుక్క పెట్రోలు పడినా భగ్గుమనే వేడి అది. చేతిలో సరైన పానా ఉండదు, కొత్త ఫిల్టర్ ఉండదు, సాయానికి వచ్చినాయన నోట్లో బీడీ ఉంటుంది. ఆ పరిస్థితిలో పెట్రోలు గొట్టం విప్పడం ప్రాణాలతో ఆట. అందుకే బండికి ఏ రోగం లేని రోజు, ఆదివారం తెల్లవారుజామున, ఇంటి ముందు ఆరుబయట ఈ పని పెట్టుకోమంటాను.

ఇక్కడ చెప్పేవన్నీ ఇలాంటి తలకిందుల సలహాలే. నలుగురూ చెప్పేదానికి ఎదురు పోతాయి. కొన్ని ఖర్చు పెంచుతాయి, కొన్ని పనిని లాగదీస్తాయి. అయినా ఒక్కటి కూడా వదిలెయ్యొద్దని నా మనవి.

ఏ బండి గురించి మాట్లాడుతున్నానో ముందే చెప్పాలి. స్పోర్ట్స్ కారు అనగానే సినిమాల్లో కనిపించే ఇటలీ బండ్ల దగ్గరికి పోవద్దు. మన తరానికి స్పోర్ట్స్ కారు అంటే వేరు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఉత్తర్‌పాడాలో 1984 నుంచి 2002 దాకా తయారు చేసిన కాంటెస్సా ఉంది. పొడుగాటి బానెట్, ఆ తర్వాత వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ దాని ప్రత్యేకత. తర్వాత మిత్సుబిషి లాన్సర్ వచ్చింది. 106 గుర్రాల హోండా సిటీ వీటెక్ వచ్చింది. 2001లో వచ్చిన ఫియట్ పాలియోలో 1.6 ఇంజిన్‌ది ఇంకో రుచి. గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్‌ను చూసినవాళ్లు తక్కువ, చూసినవాళ్లు మరిచిపోరు. ఇలాంటి బండి ఒకటి చెల్పూర్‌లోనో, గణపురంలోనో, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్ల దగ్గరో గుడ్డ కప్పుకుని ఉంటే ఈ మాటలు దాని యజమాని కోసమే.

దుమ్మును నిందించొద్దు

చెల్పూర్ అంటే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. రెండు యూనిట్లు కలిపి 1,100 మెగావాట్లు. బొగ్గు, బూడిద, టిప్పర్ల రాకపోకలు ఉన్నచోట దుమ్ము ఉంటుంది. దాంతో బండికి ఏం వచ్చినా నెపం దుమ్ము మీదికే పోతుంది. "గీ బొగ్గు దుమ్ముకు పెట్రోల్ ఫిల్టర్ జామైతదన్నా" అని ఎవరైనా చెప్పేస్తారు. దుమ్ము జాం చేసేది గాలి ఫిల్టర్‌ని. అది వేరే డబ్బా, వేరే పని. దాన్ని ఇక్కడ తొందరగా మార్చాల్సిందే, అందులో సందేహం లేదు. పెట్రోలు పోయే దారి మాత్రం మూసి ఉంటుంది. దాంట్లోకి బయటి దుమ్ము రావాలంటే ట్యాంకు మూత రబ్బరు చిరిగి ఉండాలి, లేదా మురికి డబ్బాతోనో మురికి గరాటుతోనో మీరే పోసి ఉండాలి. కిరాణా కొట్టులో సీసాలో అమ్మే పెట్రోలు పోసుకున్న అలవాటు ఉంటే ఆ లెక్క కూడా ఇందులోకే వస్తుంది.

ఫిల్టర్‌ని నింపేది ఎక్కువగా బండి లోపలి చెత్తే. ట్యాంకు గోడల తుప్పు, నిలవ పెట్రోలు గడ్డకట్టిన జిగురు, లోపలినుంచి పొరలు ఊడుతున్న పాత రబ్బరు గొట్టం. ఫిల్టర్ మార్చడమంటే ఆ మొత్తం దారిలో ఏం జరుగుతోందో తెలుసుకునే అవకాశం. ఆ అవకాశాన్ని అరగంట పనిగా చేసి పారేయడమే నాకు బాధ కలిగించే విషయం.

ఇంకో మాట. ఈ మధ్య బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 కల్లా దేశమంతా పరుచుకుంది. పాతికేళ్ల కిందటి బండిని తయారు చేసినవాళ్లు ఈ పెట్రోలును ఊహించలేదు. ఇథనాల్‌కు మూడు గుణాలున్నాయి. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి పట్టిన జిగురును కరిగించి వదిలేస్తుంది. పాత రకం రబ్బరును ఉబ్బించి, మెత్తబరిచి, చివరికి పగలగొడుతుంది. తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగుతాయి. పంపు పీల్చేది అడుగునుంచే. మాన్యువల్‌లో ఇన్ని వేల కిలోమీటర్లకు ఫిల్టర్ మార్చండి అని రాసి ఉంటుంది. ఆ అంకె రాసిననాటి పెట్రోలు వేరు. దానికి సగం దూరానికే మార్చండి. దూరం తిరగకపోయినా ఏడాదికోసారి మార్చండి.

ఒక ఫిల్టర్ కావాలంటే రెండు కొనండి

రెండోది స్పేర్ అనుకోవద్దు. రెండూ వాడటానికే. చాన్నాళ్లు నిలబడిన బండికి కొత్త ఫిల్టర్ వేసి రోడ్డెక్కగానే ట్యాంకు కదులుతుంది, అడుగున పేరుకున్నది లేస్తుంది, కొత్త పెట్రోలు గోడలను కడుగుతుంది. మొదటి ఫిల్టర్ ఆ మురికిని మోయడానికే. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక దాన్ని తీసేసి రెండోది వేయండి. అసలైన ఫిల్టర్ అదీ. "ఇప్పుడే కదా మార్చినవ్, మళ్లెందుకు?" అనేవాళ్లకు మొదటిదాన్ని వంచి చూపించండి.

కొనేటప్పుడు ఖరీదును చూసి మోసపోకండి. కార్బరేటర్ బండికి పాతికేళ్లుగా దొరుకుతున్న పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్టర్ చాలు. లోపల ఏముందో కంటికి కనబడటమే దాని గొప్ప. కార్బరేటర్ బండిలో పంపు ఒత్తిడి సాధారణంగా అర బార్ దాటదు. మరీ సన్నగా వడపోసే ఇంజెక్షన్ బండి ఫిల్టర్ తెచ్చి దానికి బిగిస్తే, ఆ బలహీనమైన పంపు పెట్రోలును నెట్టలేక బండి ఎత్తు మీద చతికిలబడుతుంది. తిరగేసి చేస్తే ఇంకా ఘోరం. ఇంజెక్షన్ బండిలో ఒత్తిడి దాదాపు మూడు బార్లు, అంటే మీ కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికన్నా ఎక్కువ. అక్కడ ప్లాస్టిక్ ఫిల్టర్ పెడితే పగిలి వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. "గొట్టం సైజు సరిపోతే సాలు, ఏదైనా నడుస్తది" అనే మాట ఎవరన్నా సరే నమ్మొద్దు.

హనుమకొండ, వరంగల్ షాపుల్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో వెతకొచ్చు. పాత ఫిల్టర్ మీది నంబరు ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లండి. బండి పేరు చెప్పి అడిగితే దగ్గరిపోలికది ఇచ్చేస్తారు, నంబరు చూపిస్తే అసలుది వెతుకుతారు.

ఫిల్టర్ కన్నా గొట్టానికి ఎక్కువ ఖర్చు పెట్టండి. ఇదీ తలకిందులుగానే తోస్తుంది, కానీ ఈ వ్యాసంలో ఒక్క సలహాయే మిగలాలంటే నేను దీన్నే ఉంచుతాను. పాత బండ్లలో మంటలు ఫిల్టర్ వల్ల వచ్చేది తక్కువ, దానికి అటూ ఇటూ ఉన్న రెండు బెత్తెళ్ల రబ్బరు వల్ల వచ్చేవే ఎక్కువ. వేళ్లతో గొట్టాన్ని వంచి చూడండి. వంపు దగ్గర సన్న పగుళ్లు కనిపిస్తే, లేదా మైనంలా మెత్తగా తగిలితే, దాని కాలం అయిపోయింది. కొత్త గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అనే గుర్తు ఉందో లేదో చూడండి. ఇంజెక్షన్ ఒత్తిడినీ, ఇథనాల్‌నీ తట్టుకునే రకం అది. నీళ్ల పైపులు అమ్మే దుకాణంలో మీటరు లెక్కన కోసిచ్చే పారదర్శకపు గొట్టం ఎంత అందంగా ఉన్నా ఇంజిన్ గదిలోకి రానివ్వకండి. క్లిప్పుల్లో కూడా మరలు కోసి చిల్లులున్న రకం రబ్బరులోకి దిగి కోస్తుంది. లోపలి వైపు నున్నగా ఉండే రకం అడగండి. దొరకడం కష్టం, కాని దొరుకుతుంది.

రోగం ఫిల్టర్‌దేనా?

బండి మిస్సింగ్ కొడితే వెంటనే ఫిల్టర్ మీద పడేవాళ్లున్నారు. ముందు ఒక తేడా పట్టుకోండి. ఫిల్టర్ మూసుకుపోతే బండి ఊరి లోపల మామూలుగానే తిరుగుతుంది, ఐడిల్‌లో చక్కగా ఉంటుంది. పెద్ద రోడ్డెక్కి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే పికప్ పడిపోతుంది, ఇంజిన్‌కు ఊపిరాడనట్టవుతుంది. పక్కకు ఆపి కాసేపు నిలబెడితే మళ్లీ కొంత దూరం పోతుంది. వేపర్ లాక్ దీనికి అడ్డం తిరిగిన రోగం. కార్బరేటర్ బండికి, వేసవిలో, రద్దీలో నెమ్మదిగా పోయినప్పుడో, వేడి మీద ఆపి మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడో వస్తుంది. గొట్టంలో పెట్రోలు ఆవిరై పంపుకు అందదు. చల్లబడితే దానంతటదే పోతుంది. రెండోదానికి ఫిల్టర్ మార్చి లాభం లేదు. గొట్టం వేడి భాగాలకు ఎంత దగ్గరగా పోతోందో చూసి, దూరంగా జరపాలి.

ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా ఆగండి

నిలబెట్టే బండికి ట్యాంకు నిండా ఉండాలి. ఖాళీ ఎక్కువైతే లోపల గాలి, గాలితోపాటు తేమ, తేమతో తుప్పు. కానీ ఫిల్టర్ పని రోజున ట్యాంకులో పావు కన్నా తక్కువ ఉండాలి. ఫిల్టర్ ట్యాంకు మట్టం కన్నా కిందుంటే, గొట్టం విప్పగానే పెట్రోలు దానంతటది దిగుతూనే ఉంటుంది. నిండు ట్యాంకుతో ఆ ధార ఆగదు.

ట్యాంకులోంచి నోటితో పీల్చి తీయడం పల్లెల్లో మామూలు విషయమైపోయింది. దయచేసి మానండి. పెట్రోలు కడుపులోకి పోవడం కన్నా ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం, చుక్కైనా చాలు. ఒకవేళ ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, వాంతిలో మళ్లీ అది ఊపిరి గొట్టంలోకి పోతుంది. భూపాలపల్లి ఆసుపత్రికో, వరంగల్ ఎంజీఎంకో వెంటనే తీసుకుపోవాలి. చేత్తో నొక్కే పంపు నూట యాభయ్యో రెండు వందలో పెడితే దొరుకుతుంది.

చోటు సంగతి. షెడ్డులో చేయొద్దు, గుంత మీద అసలే చేయొద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నేలబారున పాకి గుంతలో నిలుస్తుంది. సున్నాకు నలభై డిగ్రీలు కింద ఉన్నప్పుడు కూడా నిప్పంటుకునేంత ఆవిరినిచ్చే ద్రవం అది, మన ఎండలకు చెప్పాలా? పొయ్యి, పూజ గదిలో దీపం, వెల్డింగ్ చేసే పక్కింటాయన, ఇవన్నీ ఎంత దూరంలో ఉన్నాయో గాలి వాలు చూసి నిర్ణయించుకోండి. వేలాడే గాజు బల్బు వద్దు. అది జారి పగిలితే చాలు. ఎల్‌ఈడీ టార్చ్ ముందే వెలిగించి దూరంగా పెట్టండి. పొడి రకం మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో, పక్కన ఇసుక బకెట్. నీళ్లు పనికిరావు, పెట్రోలు వాటి మీద తేలి మంటను పరుస్తుంది.

బండి కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, ఇటుకలు పెట్టొద్దు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇనుప స్టాండ్లు కావాలి. లేకపోతే ఆ రోజు పని మానేయండి.

చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసి చంపండి

పెట్రోలు గొట్టం విప్పే ముందు బండి స్టార్ట్ చేయమంటే వింతగా ఉంటుంది. ఇంజెక్షన్ బండికి చేయాల్సింది అదే. రాత్రంతా ఆపిన బండి లైనులో కూడా ఒత్తిడి మిగిలి ఉంటుంది. పంపు ఫ్యూజో రిలేనో పీకి, స్టార్ట్ చేసి, లైనులో ఉన్నది కాలిపోయి తనంతట తానే ఆగేదాకా వదిలేయండి. మరోసారి సెల్ఫ్ కొట్టి చూడండి. అప్పుడు తాళం తీసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. ట్యాంకు మూత ఒకసారి తెరిచి మూస్తే అందులో కట్టిన ఆవిరి పోతుంది. ఈ నాలుగూ ఇదే వరసలో చేయాలి. బ్యాటరీ ముందు తీసేస్తే ఇంజిన్ తిరగదు, ఒత్తిడి అలాగే ఉంటుంది. కాంటెస్సా లాంటి కార్బరేటర్ బండికి ఈ గొడవ లేదు. బ్యాటరీ తీయడం, చల్లగా ఉండటం చాలు.

ఇంత చేసినా మొదటి జాయింటు వదులు చేసేటప్పుడు గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, మొహం పక్కకు పెట్టి తిప్పండి. కింద ఇనుప గిన్నె పెట్టండి. ఇంట్లో వాడే ప్లాస్టిక్ టబ్బు వద్దు.

మరతో బిగించే ఫిల్టర్ అయితే రెండు పానాలు ఒకేసారి వాడాలి. ఒకటి ఫిల్టర్‌ని కదలకుండా పట్టుకోవాలి, రెండోది నట్టు తిప్పాలి. ఒక్క పానాతో బలం పెడితే ట్యాంకు దాకా పోయిన ఇనుప గొట్టం మెలి తిరుగుతుంది. తుప్పు పట్టిన పాత గొట్టమైతే అక్కడే విరుగుతుంది, అప్పుడు రెండు వందల పని వేలల్లోకి పోతుంది. జాయింటులో రాగి వాషర్లుంటే పాతవి పారేసి, అటొకటి ఇటొకటి కొత్తవి వేయండి. రాగి ఒకసారి నలిగాక మళ్లీ అంత గట్టిగా పట్టదు. నొక్కి తీసే ప్లాస్టిక్ క్లిప్పులున్న బండ్లలో స్క్రూడ్రైవర్ పెట్టి తన్నొద్దు. ఆ చెవులు విరిగితే మొత్తం లైను మార్చాలి. ముందు దుమ్ము కడిగి, ఇసుక పోయాక రెండు వైపులా వేళ్లతో నొక్కితే వస్తాయి.

రబ్బరు గొట్టం అతుక్కుని రాకపోతే లాగకండి. నిలువుగా బ్లేడుతో కోసి తీసేయండి, ఎలాగూ కొత్తది తెచ్చారు కదా. విప్పిన గొట్టం మూతికి సరిపోయే శుభ్రమైన బోల్టు దూర్చి పెడితే కారడం ఆగుతుంది.

కొత్త ఫిల్టర్ మీద బాణం గుర్తు ఉంటుంది. అది ట్యాంకు నుంచి ఇంజిన్ వైపు చూడాలి. తిరగేసి పెడితే లోపలి కాగితం మడతలు నలుగుతాయి, వడపోత దెబ్బతింటుంది. క్లిప్పు బిగించేటప్పుడు గొట్టం క్లిప్పు అంచుల మధ్య ఉబికే దాకా పోవద్దు. తిరగనంత బిగువు చాలు.

గాలి కొట్టించొద్దు, ఫిల్టర్ తీసేసి కలపొద్దు

ఈ రెండు సలహాలూ ప్రతి రోడ్డు మీదా వినిపిస్తాయి. "ఒక్క దెబ్బ గాలి కొడితే సాఫైతది, గీ రోజుకు నడిపియ్" అంటారు. కంప్రెసర్ గాలి పెట్రోలు తడిని సన్నని మంచులా చిమ్ముతుంది, ఆ మంచు నిప్పు కోసం ఎదురుచూస్తుంటుంది. చెత్త మాత్రం కాగితం పోగుల మధ్య ఇరుక్కుని పోదు. పోయేది కాగితమే, చిరిగి. చిరిగిన ఫిల్టర్ బండిని అద్భుతంగా నడిపిస్తుంది, ఎందుకంటే అది వడపోయడం మానేసింది. ఫిల్టర్ తీసి గొట్టాలు నేరుగా కలిపితే కూడా పికప్ వెంటనే వస్తుంది. "చూసినవా, ఫిల్టర్ లేకున్నా మస్తుగ పోతాంది" అని మురిసిపోతారు. ఇంజెక్షన్ ఫిల్టర్ పది పదిహేను మైక్రాన్ల రేణువులను కూడా ఆపుతుంది, మన వెంట్రుక మందం సుమారు డెబ్బయ్యి. ఆ సన్న రేణువులు ఇంజెక్టర్ మూతిని గీకడం మొదలుపెడితే తెలిసేది నెలల తర్వాత. ఆ పాత ఇంజెక్టర్లు ఇప్పుడు సులువుగా దొరకవు. చెడగొట్టుకోవద్దు.

పాత ఫిల్టర్‌ను పారేయొద్దు

ఇందుకోసమే ఇదంతా రాస్తున్నాను. మార్చినవాళ్లు పాతదాన్ని చెత్తకుప్పలోకి విసిరేసి చేతులు కడుక్కుంటారు. మీ బండి ట్యాంకు లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగినది లోకంలో అదొక్కటే. దాన్ని వినకుండా పారేయకండి.

పెట్రోలు వచ్చే వైపు మూతిని కిందికి వంచి, తెల్లటి గిన్నెలోకి గానీ గాజు సీసాలోకి గానీ ఒంపండి. చెత్త ఆ వైపునే పోగవుతుంది. ఇంజిన్ వైపునుంచి ఒంపితే శుభ్రమైన పెట్రోలు వచ్చి మిమ్మల్ని మభ్యపెడుతుంది. సీసాను కదపకుండా గంటసేపు నీడన పెట్టండి, మూత వదులుగా. తర్వాత చూడండి.

ఇటుక రంగు పొడి దిగితే ట్యాంకు తుప్పు. వేళ్ల మధ్య రాస్తే గరుగ్గా ఉంటుంది. నల్లటి సన్న ముక్కలు, రాస్తే వేలికి మసిలా అంటుకుంటే గొట్టం లోపలి పొర ఊడుతోంది. ఆ గొట్టం ఫిల్టర్ పక్కనే ఉండాలని లేదు, ట్యాంకు దగ్గర కంటికి కనిపించని తునక కూడా కావచ్చు. మెరిసే లోహపు రజను కనిపిస్తే పంపు అరిగిపోతోంది. పంపును వెతికి పెట్టుకోండి, ఆగిపోయాక వెతకడం కన్నా మేలు. అడుగున వేరే పొరగా, తొణికితే జారే తేట ద్రవం కనిపిస్తే నీళ్లు. ట్యాంకు మూత రబ్బరు చూడండి, ఏ బంకులో పోయించారో గుర్తు చేసుకోండి. చూడటానికి శుభ్రంగా ఉండి పుల్లటి, వార్నిష్ లాంటి వాసన వస్తే పెట్రోలు నిలవది. అప్పుడు ఫిల్టర్ మార్చినా ఇంజిన్ బాగా తిరగదు, ట్యాంకు మొత్తం కొత్తది పోయాలి.

ఇంకా లోతుగా చూడాలనుకుంటే ఫిల్టర్‌ను కోయొచ్చు. కానీ ఆ రోజు కాదు. ఆరుబయట, పిల్లలకు అందకుండా కొన్నాళ్లు ఆరనిచ్చి, వాసన పూర్తిగా పోయాక, చేతి రంపంతో మెల్లగా కోయాలి. గ్రైండర్ పెడితే రవ్వలు లేస్తాయి. లోపలి కాగితం మడతలు విప్పి తెల్ల కాగితం మీద పరిస్తే, ఏ మడతదాకా చెత్త చేరిందో కనిపిస్తుంది. సగం మడతలు ఇంకా తెల్లగా ఉంటే మీరు సరైన సమయానికే మార్చారు. అన్నీ నల్లగా ఉంటే వచ్చేసారి ముందే మార్చండి. దాని మీద తేదీ, కిలోమీటర్లు రాసి దాచిపెట్టుకుంటే రెండోదానితో పోల్చుకోవచ్చు. బండి అమ్మాల్సి వస్తే కొనేవాడికి ఇంతకన్నా నిజాయితీ గల సర్వీసు పుస్తకం ఉండదు.

గిన్నెలో మిగిలిన పెట్రోలును కాలువలో పోయొద్దు, బావి దగ్గర మట్టిలో అసలే వద్దు. మూత గట్టిగా ఉండే ఇనుప డబ్బాలో పెట్టి, వాడిన ఆయిల్ సేకరించే వర్క్‌షాపుకు ఇవ్వండి.

వెంటనే స్టార్ట్ చేయొద్దు

బ్యాటరీ, ఫ్యూజు తిరిగి పెట్టాక తాళం ఆన్ వరకే తిప్పండి. పంపు రెండు మూడు సెకన్లు మూలిగి ఆగుతుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్. ఇలా నాలుగైదు సార్లు చేస్తే ఖాళీ ఫిల్టర్ నిండి లైనులో ఒత్తిడి కడుతుంది. ఇప్పుడు దిగి, ప్రతి జాయింటునూ పొడి తెల్ల కాగితంతో తుడవండి. వేలికి తెలియని తడి కాగితానికి తెలుస్తుంది. తడి ఉంటే స్టార్ట్ చేసే ప్రసక్తే లేదు. కార్బరేటర్ బండికి సెల్ఫ్‌ను పది సెకన్లకు మించకుండా కొడుతూ, మధ్యలో మోటారుకు విశ్రాంతినివ్వండి. కార్బరేటర్ గిన్నె నిండడానికి టైం పడుతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బరేటర్ నోట్లో పెట్రోలు పోసి అంటించే పద్ధతి ఎవరైనా చేయబోతే చేయి పట్టి ఆపండి. ఇంజిన్ దగ్గితే మంట మొహం మీదికి వస్తుంది.

ఇంజిన్ తిరిగాక ఇంటి ముందే పావుగంట ఐడిల్‌లో ఉంచి మళ్లీ కాగితం పరీక్ష. ఆ తర్వాతే రోడ్డు. మొదట గణపసముద్రం కట్ట దాకా పోయి రండి, దూరం తక్కువ. వాసన రాకపోతే భూపాలపల్లి వైపు పోయి, ఖాళీ రోడ్డు చూసి మూడో గేరులో గట్టిగా లాగండి. ఫిల్టర్ పరీక్ష జరిగేది అక్కడే.

వారానికోసారి ఆ మాత్రం తిప్పితేనే పాత బండి బతుకుతుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నిలబడి ఉంది. దానికి ఆ నిలబడటమే పని. మీ కాంటెస్సాకు నడవడం పని. బండిని ప్రేమిస్తున్నామంటూ బయటికి తీయకుండా దాచేవాళ్లే ట్యాంకును తుప్పుకు అప్పగిస్తున్నారు.

అయిదు వందల కిలోమీటర్ల తర్వాత రెండో ఫిల్టర్ వేసేటప్పుడు మొదటిదాన్ని మళ్లీ సీసాలోకి ఒంపండి. పొడి తగ్గితే మీ ట్యాంకు కోలుకుంటోంది. ఇటుక రంగు అంతే ఉంటే ఇంకెన్ని ఫిల్టర్లు వేసినా దండగే, ట్యాంకు దించాలి. దించినప్పుడు చిల్లులు కనిపిస్తే "ఖాళీదే కదన్నా, రెండు నిమిషాల్ల వెల్డింగ్ పెడతా" అని ఎవరో ఒకరు అంటారు. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి, గాలి కలిసి పేలడానికి సిద్ధంగా ఉంటాయి, నీళ్లతో ఒకటి రెండుసార్లు కడిగినా అతుకుల్లోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. ఇలాంటి ట్యాంకులను ఆవిరితో శుద్ధి చేసి బాగు చేసే అనుభవం ఉన్న వర్క్‌షాపుకు పంపండి, లేదా అదే మోడల్ ట్యాంకు వెతికి తెచ్చుకోండి. దొరికేదాకా బండి స్టాండ్ల మీదే ఉండాలి, ట్యాంకు మూతి గుడ్డతో కట్టి, ఇంటికి దూరంగా నీడన ఉంచాలి.